ఎవరి గుడ్డ మీద?

నైవేద్యానికి చేసే వంట రుచి చూడకూడదని మన ఇళ్ళల్లో నియమం. పులిహోర కలుపుతారు, పులుపు పట్టిందో లేదో చేతి అంచనా తప్ప మరో సాక్ష్యం ఉండదు, తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టేస్తారు. ఉప్పు చాలకపోతే మొట్టమొదట తెలిసేది ఆయనకే. ఆయన ఇంతవరకూ నోరు విప్పి ఒక్క మాట అన్న దాఖలా లేదు. ఆ తరవాత తినేవాళ్ళం మనం. ప్రసాదం కనక కళ్ళకద్దుకుని తింటాం, ఉప్పు సంగతి ఎత్తం. ఇంత ఓర్పుగల ఖాతాదార్లు లోకంలో మరే పనివాడికీ దొరకరు.

తక్కిన వాళ్ళెవరికీ ఆ సదుపాయం లేదు. కంసాలి గీటురాయి మీద గీసి చూడాలి. ఆ గీతలో అరిగేది ఎంత కాస్తయినా బంగారమే. కుండ కొనే ముసలమ్మ వేలు మడిచి టంగుమనిపించి గానీ చంకనెత్తుకోదు. పరీక్ష అన్నాక ఎంతో కొంత అరుగుదల ఉంటుంది. సరుకు అరుగుతుంది, లేదా కాలం అరుగుతుంది, రెండూ కాకపోతే డబ్బు. ఆ అరుగుదల చేసేవాడు భరించాలా, కొనేవాడు భరించాలా? చేసేవాడు భరిస్తే అది అతని ధర్మమా, మన అదృష్టమా? ఈ ప్రశ్న నాకు వేదాంత గ్రంథాల్లో తగల్లేదు. అవి నేను అట్టే చదవలేదు కూడా లెండి. జాకెట్ల మీద పువ్వులు కుట్టే కంప్యూటర్ మిషను దగ్గర తగిలింది.

ఇప్పుడు మన ఊళ్ళల్లో ఏ బజారుకి వెళ్ళినా కంప్యూటర్ వర్క్ చేయబడునన్న బోర్డు ఒకటి కనిపిస్తుంది గదా. మా ఇంటి కింద వాటాలో అద్దెకున్న అమ్మాయి కూడా అలాంటి మిషను ఒకటి పెట్టుకుంది. దానికి తల ఒకటే, తలకి పదిహేను సూదులు, సూదికో రంగు దారం. పది తలలు లేవన్న మాటే గానీ రావణాసురుడికి తీసిపోదు. వచ్చినవాళ్ళకి కుట్టిపెట్టడమే కాక, డిజైన్లు తనే తయారుచేసి, మిషన్లున్న ఇతరులకి ఫైళ్ళుగా అమ్ముతుంది కూడా. బొమ్మని మిషనుకి అర్థమయ్యే కుట్లుగా మార్చే ఈ పనిని వాళ్ళల్లో పంచింగ్ అంటారు. నన్ను బాబాయిగారూ అని పిలుస్తుంది కనకా, మధ్యాహ్నంపూట నిద్రపట్టని వయసు కనకా, ఆ మిషను ముందు కుర్చీ వేసుకు కూచోడం నాకు అలవాటయింది.

అక్కడ నాకు మొదట వింతగా తోచిందేమిటంటే, ఆ అమ్మాయి ఏ డిజైనునీ తయారవగానే అమ్మదు. తెర మీద తామరపువ్వు పూర్తయింది, రేకు రేకూ నిగనిగలాడుతోంది, వంక పెట్టడానికి లేదు. అయినా సరే, ఒక కోరాగుడ్డ ఫ్రేముకి బిగించి, డిజైనంతా దాని మీద కుట్టించి, విప్పి, దీపం కింద పెట్టి చూసి, పెదవి విరిచి, మళ్ళీ తెర ముందుకి వెళ్ళి కూచుంటుంది. కాసేపటికి ఇంకో గుడ్డ. ఒకనాడు ఉండబట్టలేక, "తెర మీద బాగానే ఉంది గదమ్మా!" అన్నాను. "తెరకి దారం లాగడం తెలీదు గదా బాబాయిగారూ" అంది.

దారం లాగడమంటే ఏమిటో కాస్త చెప్పాలి. మిషనుకిచ్చే ఫైల్లో పువ్వు ఉండదు. డి.ఎస్.టి. అనే రకం ఫైలు ఈ మిషన్లకి ఇంచుమించు వాడుకభాష వంటిది. అందులో ఉండేవల్లా కదలికలు. ఇటు ఇంత జరుగు, సూది దింపు; అటు అంత జరుగు, సూది దింపు. కొలత మిల్లీమీటరులో పదో వంతు. ఎక్కడ రంగు మార్చాలో ఉంటుంది గానీ, ఏ రంగో ఉండదు. కింద పరిచింది పట్టో, నూలో, జారిపోయే జార్జెట్టో దానికి బొత్తిగా తెలియదు. గుడ్డ మాత్రం ఊరుకోదు. ఆకుల్నీ కాడల్నీ నున్నగా నింపే సాటిన్ కుట్టు ఉందనుకోండి, దారం ఈ అంచు నుంచి ఆ అంచుకీ, ఆ అంచు నుంచి ఈ అంచుకీ పక్కపక్కనే నడుస్తుంది. బిగువు మీదున్న దారం రెండంచుల్నీ దగ్గరికి లాక్కుంటుంది. తెర మీద 3 మిల్లీమీటర్లున్న కాడ గుడ్డ మీద రెండున్నర చిల్లరకి దిగవచ్చు. మరోపక్క, కుట్టు వెనక కుట్టు వచ్చి ఒరుసుకుంటుంటే గుడ్డ రెండో దిక్కుకి తోసుకుపోతుంది. అంటే అడ్డంగా చిక్కి, నిలువుగా పెరుగుతుందన్న మాట. గుండ్రటి బొట్టు కోడిగుడ్డవుతుంది. దాని చుట్టూ జరీ గీత వెయ్యమని ఫైల్లో రాసి ఉందా, మిషను ఆ గీతని బొట్టు ఉండవలసిన చోట వేస్తుంది, బొట్టు ఉన్నచోట కాదు. మధ్య సందులోంచి గుడ్డ పళ్ళికిలిస్తుంది.

దీనికి మందు, బొమ్మని తప్పుగా గియ్యడమే. గుండ్రం కావాలంటే అడ్డంగా కాస్త బలిసిన గుండ్రం ఇవ్వాలి. గట్టి నేతగుడ్డకి 0.2 నుంచి 0.4 మిల్లీమీటరు దాకా అదనం. దాని పేరు పుల్ కాంపెన్సేషన్. పైకుట్టు వెయ్యబోయే ముందు పలచగా అడుగుకుట్టు ఒకటి వేసి, గుడ్డని కింద కాగితానికి కట్టిపడెయ్యాలి. దారానికీ దారానికీ ఎడం మామూలుగా 0.4 మిల్లీమీటరు, జరీ అయితే ఇంకాస్త ఎడం, మిషను వేగం తక్కువ. ఇదంతా వింటుంటే నాకు ఆవకాయ జ్ఞాపకం వచ్చింది. కలిపిన రోజున ఉప్పు ఒక పిసరు ఎక్కువనిపించాలి. మూడోనాడు తిరగకలిపేసరికి ముక్క పీల్చుకుని సరిపోతుంది. కలిపిన రోజునే సరిగ్గా ఉన్న ఆవకాయ చివరికి చప్పబడి బూజు పడుతుంది. సరిగా రావాలంటే ముందు కొంచెం తప్పుగా ఉండాలన్న సంగతి మన అమ్మమ్మలకి కొత్త కాదు. అయితే ఎంత తప్పు? ఆవకాయలో ఆ కొలత అమ్మమ్మ చేతికి తెలుసు. ఇక్కడ మాత్రం కుట్టి చూస్తే గానీ చెప్పదు గుడ్డ.

కుట్టాక కూడా వెంటనే చెప్పదు. ఫ్రేములో ఉన్నంతసేపూ ప్రతి డిజైనూ అందంగానే ఉంటుంది. నాలుగు పక్కలా బిగించి, వేలితో కొడితే డప్పులా మోగే గుడ్డ మీద ముడత ఎలా పడుతుంది? ఫ్రేము విప్పి బల్ల మీద పడేశాక గుడ్డ ఊపిరి పీల్చుకుంటుంది. అప్పుడు పువ్వు చుట్టూ ముడతలు ఒకటొకటే లేస్తాయి. పెళ్ళిచూపుల్లో ఇరుపక్షాల వాళ్ళూ ఎంత మర్యాదగా, ఎంత బిగించుకుని కూచుంటారో చూశారు గదా? ఫ్రేములో ఉన్నారన్న మాట. అందుకే ఆ అమ్మాయి శాంపిల్ గుడ్డని ఫ్రేములో ఉండగా ఎవరికీ చూపించదు. విప్పి, కింద అతికించిన కాగితం చింపి, ఒక రాత్రి అలా వదిలేసి, పొద్దున చూస్తుంది.

తప్పు కనిపించినంత మాత్రాన తప్పెవరిదో కనిపించదు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, నిజంగానే మద్దెల ఓడైన రోజులూ ఉంటాయి. సందు పడిందంటే ఫైలు తప్పు కావచ్చు, ఫ్రేము వదులు కావచ్చు, కింద పెట్టిన కాగితం పలచన కావచ్చు, సూది మొద్దుబారి ఉండవచ్చు. ఆ అమ్మాయి ముందు గుడ్డని తిరగేసి వీపు చూస్తుంది. సాటిన్ కుట్టు వెనక, మధ్యలో మూడో వంతు మేర బాబిన్ దారం తెల్లగా కనిపిస్తూ, ఇరుపక్కలా పైదారం సమానంగా ఉంటే మిషను బిగువు సరిగా ఉన్నట్టు. అప్పుడు గానీ ఫైలుని అనుమానించదు. అనుమానించాక కూడా ఒకసారికి ఒకటే మారుస్తుంది. ఎడం మార్చిన రోజున అడుగుకుట్టు మార్చదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదంటుంది. ఇంట్లో ఒకళ్ళకి జ్వరం వస్తే నలుగురు చెప్పిన నాలుగు మందులూ ఒకేపూట మింగించి, తగ్గాక నలుగురికీ దణ్ణం పెట్టే మనకి ఈ ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు చాలు గదా, ఒక రేకు కుట్టి చూస్తే సరిపోదా అని అడిగాను. సరిపోదట. గిన్నెలో మెతుకులన్నీ ఒక్క నీళ్ళల్లోనే ఉడుకుతాయి కనక ఒకటి మిగతావాటికి సాక్ష్యం చెబుతుంది. డిజైన్లో ఏ రేకుకి ఆ రేకే. పడుగు వెంట పడ్డ కుట్టు ఒక రకంగా లాగుతుంది, పేక వెంట పడ్డది ఇంకో రకంగా. మొదటి పువ్వు కుట్టేప్పుడు గుడ్డ సాపుగా ఉంటుంది, పదకొండో పువ్వు దగ్గరికొచ్చేసరికి ముందు పది పువ్వులూ లాగిన లాగుడంతా అక్కడ పోగుపడి ఉంటుంది. అందుకే చివర పడే గీతలు ఎక్కువగా తప్పుతాయి. మొత్తం కుట్టవలసిందే.

మగ్గం పని చేసేవాళ్ళకి ఈ బాధ లేదు. చట్రానికి గుడ్డ బిగించి, ఆరీ సూదితో కుట్టుకుంటూ పోయే మనిషికి ప్రతి కుట్టూ శాంపిలే. గుడ్డ కాస్త లాగిందా, తరవాతి కుట్టు కాస్త ఎడంగా వేస్తాడు. తను దిద్దుకుంటున్నానన్న స్పృహ కూడా అతనికి ఉండదు. మిషను వచ్చాక కథ మారింది. 1863లో స్విట్జర్లండులో ఐజాక్ గ్రోబ్లి అనే ఆయన షిఫ్లి మిషను కనిపెట్టాడు. అక్కడి వాళ్ళ మాటలో షిఫ్లి అంటే చిన్న పడవ; లోపలి నాడె ఆ ఆకారంలో ఉంటుంది కనక ఆ పేరు. దానితో బొమ్మని ఆరు రెట్లు పెద్దది చేసి గీసి, ఒక మనిషి మిషను పక్కనే కూచుని, గీతల వెంట కుట్టు కుట్టుకీ పాంటోగ్రాఫు జరుపుకుంటూ పోతే, వరసగా ఉన్న సూదులన్నీ ఒక్కసారే కుట్టేవి. 1898లో ఆయన కొడుకు ఆ మనిషి స్థానంలో చిల్లులు కొట్టిన అట్టలు పెట్టాడు. ఆ చిల్లుల పని చేసేవాడు పంచర్. చిల్లులు పోయి ఎన్నో ఏళ్ళయినా పేరు మిగిలింది కనకనే మా కింద వాటాలో నేటికీ పంచింగ్ జరుగుతోంది. ఇందులో చెప్పుకోదగ్గ మార్పు నా దృష్టిలో వేగం కాదు. పాంటోగ్రాఫు పట్టుకున్న మనిషి చెయ్యి చాస్తే గుడ్డ అందేది. చిల్లులు కొట్టేవాడు ఏ ఊళ్ళో ఉన్నా సరిపోతుంది. చూసే కన్ను ఒకచోట, కుట్టే సూది మరొకచోట అయిపోయాయి. మగ్గం మీద చేతిలో చెయ్యిగా కలిసిపోయి ఉన్న దిద్దుబాటు, నడిమధ్యన ఎవరి పనీ కాకుండా మిగిలిపోయింది. ఎవరో ఒకరు పనిగట్టుకుని నెత్తినేసుకోవాలి. వేసుకున్నవాళ్ళు దానికి డబ్బు అడగాలంటే మొహమాటం.

ఆ పని ఖరీదెంతో లెక్క వెయ్యండి. వీపు వైపు మెడకి ఓ మోస్తరు డిజైను 40,000 కుట్లనుకుందాం. నిమిషానికి 600 కుట్ల చొప్పున గంటా ఏడు నిమిషాలు. దారం తెగడం, మళ్ళీ ఎక్కించడం కలుపుకుంటే గంటన్నరకి తక్కువ కాదు. మూడు శాంపిళ్ళంటే ఒక పూట మిషను పోయింది. ఆ పూటలో కూలికి కుట్టుంటే డబ్బులొచ్చేవి. దారం, కాగితం, గుడ్డ, కరెంటు సరేసరి. ఇంత చేసి, ఫైలు మూడొందలు చెబితే, "ఫలానా చోట వందకిస్తున్నారు గదా" అంటారు వచ్చినవాళ్ళు. నిజమే, ఇస్తున్నారు. ఫోనుకి బొమ్మలు పంపిస్తారు. ఆ బొమ్మల్లో దారం మెరుపు, కుట్టు కింద నీడ, అన్నీ కనిపిస్తాయి. అది కుట్టిన గుడ్డకి తీసిన ఫోటో అనుకుంటాం. కాదు. ఇప్పటి డిజైన్ల సాఫ్ట్‌వేర్ కుట్టని కుట్టుకి కూడా అచ్చం కుట్టినట్టే బొమ్మ చూపించగలదు. నా మట్టుకు నాకు, బొట్టుని బలిపించి గియ్యడం అబద్ధం కాదు. ఆ బొమ్మని "మా డిజైను చూడండి" అని పంపడం అబద్ధం.

ఇందులో నష్టపోయేది ఎవరో పోయిన శ్రావణమాసంలో కళ్ళారా చూశాను. ఒకావిడ సంచీలోంచి పట్టు జాకెట్టు గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. కూతురి పెళ్ళి చీరతోబాటు వచ్చిన గుడ్డ. చీరలోంచి కత్తిరించిన ముక్క కనక అలాంటిది ఇంకోటి బజార్లో దొరకదు. వేరే చోట కుట్టించారట. రెండు నెమళ్ళు, మధ్యన కలశం. దూరం నుంచి బ్రహ్మాండంగా ఉంది. దగ్గరికి తీసుకుంటే నెమలి ఒళ్ళు ఒకచోట, దాని చుట్టూ జరీ గీత బియ్యపుగింజంత పక్కన. కన్ను ఉండవలసిన చోట లేదు, ముక్కు మొదట్లోకి జారి కూచుంది. "ఇది విప్పి మళ్ళీ కుట్టగలవా అమ్మా?" అంది ఆవిడ. పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులుంది.

పట్టు మీద కుట్టు విప్పితే దారం పోతుంది గానీ సూది చిల్లులు పోవు. అది చెప్పడానికి ఆ అమ్మాయికి నోరు రాలేదు. "ఆ ఫైలు తెప్పించండి పిన్నిగారూ, చూస్తాను" అంది. సాయంత్రానికి ఫైలు వచ్చింది. దాన్ని కోరాగుడ్డ మీద కుట్టింది. నెమలి కన్ను ముక్కు మీదికే వచ్చింది. కింద రెండు పొరల మందపాటి కాగితం పెట్టి, ఫ్రేము గట్టిగా బిగించి మళ్ళీ కుట్టింది. ఈసారి సందు సగానికి సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. అంటే సగం పాపం ఫైలుది, సగం కుట్టినవాళ్ళదీనూ. ఇంత తేటగా తీర్పు చెప్పగల న్యాయాధికారి నాకెక్కడా తటస్థపడలేదు. ఆవిడ ఫోనులో ఆ ఇద్దర్నీ అడిగింది. ఫైలు అమ్మినతను, నా ఫైలు సరిగానే ఉంది, మీ మిషను చూసుకోండన్నాడు. కుట్టినావిడ, ఇచ్చింది కుట్టాను, డిజైను నాది కాదు గదా అంది. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. చివరికి ఆ సందు వెంట సన్నటి పూసలు చేత్తో కుట్టించి, కన్ను మీద ఒక రాయి అతికించి సర్దారు. మగ్గం పనికి ఆవిడే ఇచ్చుకుంది.

ఎవరిది ఎంత తప్పని ఆ రాత్రంతా ఆలోచించాను. కుట్టినావిడ జాకెట్టు కొలతలు గీశాక కత్తిరింపులో పోయే మూల మీద, కనీసం ఆ నెమలి తల ఒక్కటి కుట్టి చూసుకోవలసింది. డిజైనంతటికీ అది హామీ ఇవ్వదు గానీ, కాగితం చాలదన్న సంగతైనా తేలేది. చూసుకోలేదు. రోజుకి ఇన్ని జాకెట్లు దించితే గానీ మిషను వాయిదా తీరదు పాపం, ఆవిడ మీద నాకు కోపం నిలవలేదు. బరువంతా నేను ఫైలు అమ్మినతని మీదే వేస్తాను. ఎందుకంటే, తరవాత తెలిసింది, అతను ఆ నెమళ్ళ ఫైలుని దిద్ది మళ్ళీ అమ్మకానికి పెట్టాడు. కొత్త ఫైల్లో కన్ను కంట్లోనే ఉందిట. ఎలా దిద్దాడు? ఫిర్యాదులు విని దిద్దాడు. అంటే శాంపిల్ కుట్టకుండా అమ్మాడని మనం అనుకోవడమే గానీ, శాంపిల్ ఎగ్గొట్టలేదు అతను. కుట్టించాడు, ఆ పెళ్ళికూతురి పట్టు మీద. శాంపిల్ కుట్టడం అసలు మానడానికి వీల్లేదు, మొదటిసారి గుడ్డ మీదికి దిగిన ప్రతి డిజైనూ శాంపిలే. తేడా అల్లా అది ఎవరి గుడ్డ, ఆ గుడ్డగలవాళ్ళకి ఆ సంగతి ముందు చెప్పారా లేదా అన్నదే. వెయ్యిమందిని చంపితే గానీ అరవైద్యుడు కాడని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం. ఆ సామెతలో వైద్యుడికి పేరొచ్చింది. వెయ్యిమంది ఊసు ఎవరూ ఎత్తరు.

ఈ మాట అంటే నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఒప్పుకోలేదు. ఆయన ఈ పంచింగ్ పనిలో తలపండినవాడు. "నాకు కుట్టి చూడక్కర్లేదండీ, తెర మీద చూస్తే గుడ్డ మీద ఎలా పడుతుందో చెప్పేస్తాను" అన్నాడు. చెప్పగలడు, నేను చూశాను. అయితే ఆయన కళ్ళకి ఆ చూపు ఎక్కణ్ణించి వచ్చింది? వేల గుడ్డలు పాడుచేస్తే వచ్చింది. నైవేద్యం రుచి చూడకుండా చేసే ఇల్లాలు కూడా మిగతా రోజుల్లో అదే పులిహోర ఇంటిల్లిపాదికీ పెట్టి, మొగుడు మొహం చిట్లిస్తే చూసి, ఉప్పు దిద్దుకున్న మనిషే. పండగనాడు ఆవిడ ధైర్యం వెనక అన్ని మామూలు రోజులున్నాయి. ఆ పెద్దమనిషి ధైర్యాన్ని నేను కాదనను. నిన్న మొన్న పని మొదలెట్టిన కుర్రవాడు ఆ ధైర్యాన్ని అరువు తెచ్చుకుంటేనే ఇబ్బంది.

అసలు చిక్కు ప్రశ్న ఆ అమ్మాయే వేసింది. "నేను కోరాగుడ్డ మీద మూడుసార్లు కుట్టి చూశాను బాబాయిగారూ. కొన్నావిడ నెట్ గుడ్డ మీద కుడుతుంది, వేరే దారంతో, వేరే మిషను మీద. అప్పుడు నా శాంపిల్ దేనికి పనికొచ్చినట్టు?" అంది. నాకు చటుక్కున జవాబు తోచలేదు. ప్రపంచంలో ఉన్న గుడ్డలన్నిటి మీదా ఎవరూ కుట్టి చూడలేరు. అలాగని ఒక్కదాని మీదా చూడకపోవడానికి అది సాకు కాదు గదా. ఆలోచించి ఆ అమ్మాయే ఒక పద్ధతి పెట్టింది. ఫైలుతోబాటు ఒక చీటీ రాసి పంపుతుంది. ఏ గుడ్డ మీద కుట్టింది, కింద ఏ కాగితం ఎన్ని పొరలు, ఏ దారం, ఏ నంబరు సూది, మిషను ఎంత వేగం. చివర ఒక వాక్యం: ఇది కాక వేరే గుడ్డ అయితే ముందు ముక్క మీద కుట్టి చూసుకోండి. బొమ్మ బదులు కోరాగుడ్డకి తీసిన ఫోటో పంపుతుంది, ముందు వైపొకటి, వెనక వైపొకటి. వెనక వైపు ఫోటో చూసి కొందరు బెదిరి కొనడం మానేశారు. ముడులూ, తోకలూ, తెల్లదారం గీతలూ అందంగా ఏం ఉంటాయి? పోనివ్వండి అంటుంది.

ధర కూడా పెంచింది. మూడొందలకి పైన శాంపిల్ ఖర్చని ఇంకో యాభై విడిగా రాస్తోంది. విడిగా ఎందుకమ్మా, కలిపేస్తే ఎవరూ అడగరు గదా అన్నాను. అడగాలనే విడిగా రాస్తున్నానంది. అడుగుతున్నారు. అడిగినవాళ్ళలో కొందరు, శాంపిల్ అంటే ఏమిటండీ అనడం నేను విన్నాను. మిషన్లున్న వాళ్ళే వాళ్ళంతా! అమ్మకాలు మునుపటికన్నా తగ్గాయి. వందకిచ్చేవాళ్ళకి తగ్గలేదు.

కుట్టిన శాంపిళ్ళన్నీ ఒక రేకుపెట్టెలో పడేస్తుంది. ఒక్కొక్క ముక్క మీద పెన్నుతో తారీఖూ, మార్చిందీ రాసి ఉంటుంది: ఎడమరేకు 0.1 పెంచాలి, కాడ ముందు కుట్టి ఆకు తరవాత, కలశం కింద అడుగుకుట్టు చాలలేదు. మొన్న జాకెట్టు ఇచ్చిపోవడానికి వచ్చిన ఒకావిడ ఆ పెట్టెలోంచి హంసల ముక్క ఒకటి తీసి, ఎంత బావుందో అని అటూ ఇటూ తిప్పి, దీన్ని కత్తిరించి మా పాప గౌనుకి అతికించుకుంటాను, అమ్ముతావా అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వి ముక్క వెనక్కి తీసుకుంది. రెండో హంస మెడ దగ్గర దిద్దవలసిన సంగతి ఇంకోటి ఆ ముక్క మీదే రాసుంది, అది ఇంకా చెయ్యలేదుట.